ఫత్వా రాయడానికి ‘మక్తబా షామిలా’ మీద ఎంతవరకు ఆధారపడవచ్చు?

ప్రశ్న:
అస్సలాము అలైకుమ్. నేను ఇఫ్తా, అంటే ఫత్వా (ధర్మ విషయాలపై తీర్పు) ఇచ్చే విద్యలో, శిక్షణ రెండో ఏడాదిలో ఉన్నాను. వేల అరబీ గ్రంథాలున్న కంప్యూటర్ గ్రంథాలయం మక్తబా షామిలాలో రెండు మూడు పదాలు కొట్టి, కావలసిన వాక్యాన్ని నిమిషాల్లో పట్టుకుంటున్నాను. నిన్న ఉస్తాద్ గారు నా ముసాయిదా చూసి, “దీని ముందు పేజీ చదివావా?” అని మాత్రం అడిగారు. నేను చదవలేదు. ఇలా రాసిన ఫత్వా చెల్లుతుందా? పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు:
వఅలైకుముస్సలామ్. ఉస్తాద్ గారు అడగవలసిందే అడిగారు. ఫిఖ్హ్ (ఇస్లామీ ధర్మశాస్త్ర) గ్రంథకర్తలు ఎదుటి పక్షం వాదాన్ని “ఫఇన్ ఖీల”, అంటే “ఎవరైనా ఇలా అంటే” అని ఎత్తుకొని పూర్తిగా వినిపించి, ఆ తర్వాతే “ఖుల్నా”, అంటే “మేమంటాం” అంటూ తమ సమాధానం చెబుతారు. మీకు దొరికిన ముక్క ఆ రెంటి నడుమదైతే, గ్రంథకర్త ఖండించిన మాటనే ఆయన తీర్పుగా రాసేస్తారు. “మక్రూహ్” (అయిష్టమైనది) అన్న మాట సంగతీ అంతే. హనఫీ ధర్మశాస్త్ర సంప్రదాయపు గ్రంథాల్లో ఆ మాట విడిగా వస్తే సాధారణంగా హరాముకు (నిషిద్ధానికి) దగ్గరిదైన తహ్రీమీ అని అర్థం. షాఫియీ సంప్రదాయపు గ్రంథాల్లో మానుకుంటే మేలు అన్నంత వరకే. వెతుకులాటలో రెండూ ఒకే వరుసలో వచ్చి నిలుస్తాయి. ఈ ఆందోళన కంప్యూటర్లతో పుట్టింది కాదు: గురువు లేకుండా సొంతంగా పుస్తకాలు చదివి ఫత్వా ఇచ్చేవారికి ఆ అర్హత లేదన్న షాఫియీ పండితుడు ఇబ్న్ హజర్ హైతమీ మాటను, 1836లో మరణించిన హనఫీ పండితుడు ఇబ్న్ ఆబిదీన్, ఫత్వాలిచ్చే ముఫ్తీల నియమాలపై రాసిన గ్రంథంలో ఉటంకించారు.

మరొక జవాబు:
పై మాటలతో ఏకీభవిస్తూనే, షామిలాను దూరం పెట్టవద్దని కోరుతున్నాను. ఒక హదీసు ఇస్నాదులన్నీ (దాన్ని ఒకరి నుంచి ఒకరు చెప్పినవారి వరుసలన్నీ) ఒకచోట చేర్చడానికి మునుపు రోజులు పట్టేది. మందు క్యాప్సూళ్లలోని జెలటిన్ వంటి ప్రశ్నల్లో, అది దేనితో, ఎలా తయారవుతుందో తెలియకుండా తీర్పు చెప్పలేము. అక్కడ ఆన్‌లైన్ సమాచారం దారి చూపుతుంది, నిర్ధారణ మాత్రం ఆ విద్య తెలిసినవారి దగ్గరే జరగాలి. టైపు చేసిన ప్రతిలో ఒక్క “లా” (అరబీలో ‘కాదు’) జారిపోయినా “కూడదు” కాస్తా “కూడును” అవుతుంది కనుక, నేను ప్రతి వాక్యాన్నీ అచ్చు ప్రతితో సరిచూసుకుంటాను. తలాఖ్ ప్రశ్నలకైతే, భర్త అన్న మాటలు అతని నోటే వినకుండా కలం పట్టను.

ప్రశ్న అడిగినవారు:
జజాకుముల్లాహు ఖైరన్. ముందు పేజీ తెరిచాను. నేను ఉటంకించిన తీర్పు ప్రయాణంలో ఉన్నవారికి మాత్రమేనట. నన్ను అడిగిన మనిషి ఇంటిపట్టున ఉన్నవాడు. ముసాయిదాను మొదటినుంచి రాస్తున్నాను.