ఎల్క్ వేటకు తేలికైన రైఫిల్: ఏది తీసుకోమంటారు?

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె. సైన్యంలో పనిచేసి వచ్చాను కాబట్టి తుపాకీ అనగానే ఇంట్లో అందరూ నావైపే చూస్తారు. మా తమ్ముడు అమెరికాలో, కొలరాడోలో స్థిరపడ్డాడు. ఈ శరదృతువులో తోటి ఉద్యోగులతో కలిసి ఎల్క్ వేటకు వెళ్తాడట. ఎల్క్ అంటే మన కణుజు లాంటిదే, ఇంకా భారీ జంతువు. వేటగాళ్ల శిక్షణ కార్డు తీసుకున్నాడు, లైసెన్సుకూ దరఖాస్తు పెట్టాడు. (ఇక్కడ మన నల్లమలలో అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరుగా జైలుకే!)

పది వేల అడుగుల ఎత్తున రోజంతా నడవాలి, అందుకే బరువు తక్కువ ఉండాలంటాడు. నేను మోసినవి నాలుగు కిలోలు దాటినవే. వాడు చూసినవి రెండు: టిక్కా టీ3ఎక్స్ లైట్, సుమారు మూడు కిలోలు, కింబర్ మౌంటెన్ అసెంట్, దాదాపు రెండుంపావు. రెండోదాని మీదే మనసు పడ్డాడు.

నా భయమేమిటంటే, తుపాకీ తేలికైన కొద్దీ భుజానికి దెబ్బ గట్టిగా తగులుతుంది. ఆ దెబ్బకు జడిసి ట్రిగ్గర్ లాగేవాడికి గురి కుదరదు. గాయపడ్డ జంతువు కొండల్లో పడి పారిపోతుంది. పైగా బైనాక్యులర్ బరువు కూడా కలిస్తే, రైఫిల్‌లో తగ్గిన ఆ కాస్త బరువు ఏపాటి?

అక్కడ వేటాడిన తెలుగువారెవరైనా ఉంటే చెప్పండి: తూటా రకాల్లో .308 సరిపోతుందా, 6.5 క్రీడ్‌మూర్‌తో ఎల్క్ పడుతుందా? వాడు బక్కపలచని మనిషి, యాభై ఎనిమిది కిలోలు.