అప్‌డేట్: ఆ పర్షియన్ పిల్లికూనను తీసుకోలేదు

ఇంట్లోనే పిల్లుల్ని పెంచి అమ్మే ఒకావిడ 7 వారాల పర్షియన్ కూనను ఇస్తానంటున్నారు, అడ్వాన్స్ కట్టొచ్చా అని అడిగాను కదా. కట్టలేదు. తల్లిని చూపించమంటే రోజుకో సాకు చెప్పారు. కిడ్నీల్లో తిత్తులొచ్చే పీకేడీ జబ్బుకు తల్లిదండ్రులకు జన్యు పరీక్ష చేయించారా అంటే, "మా పిల్లులకు అలాంటివి రావండి" అన్నారు. అక్కడే తేలిపోయింది.

తర్వాత ఇంకొకరి ఇంటికి వెళ్లాం. తల్లి హాల్లోనే, సోఫా పక్కన పిల్లలకు పాలిస్తూ కనిపించింది. తల్లిదీ తండ్రిదీ పీకేడీ రిపోర్టులు నెగెటివ్, అడక్కముందే చేతిలో పెట్టారు. 13 వారాలు నిండాకే ఇస్తామన్నారు (ఆ ఎదురుచూపు మాత్రం నరకం). రెండు డోసుల టీకాలయ్యాక మొన్ననే ఇంటికొచ్చింది. మొదటిరోజంతా బీరువా వెనకే. ఇప్పుడు నా ఎడమచేతి మీద నిద్రపోతోంది, ఒంటిచేత్తో టైప్ చేస్తున్నాను.