ఇన్సులిన్ ఎక్కువే ఉందట, మరి షుగరెందుకు?

పర్లాకిమిడి అమ్మాయి: మా అమ్మకి పరగడుపున షుగర్ 126, ఇన్సులిన్ 22 వచ్చాయి. ఇన్సులిన్ తగ్గితేనే షుగర్ వస్తుందని ఇన్నాళ్లూ అనుకున్నాం, చాలా టెన్షన్‌గా ఉంది. పొద్దున తినే చద్దన్నం వల్లేనా?

రాయగడ అన్నయ్య: చెల్లెమ్మా, 126ని 22తో గుణించి 405తో భాగిస్తే 6.8 వస్తుంది, దీన్నే హోమా-ఐఆర్ అంటారు, ఇంత ఉందంటే ఇన్సులిన్ రెసిస్టెన్స్, అంటే ఇన్సులిన్ ఉన్నా ఒంట్లో సరిగ్గా పనిచేయకపోవడం, గట్టిగానే ఉన్నట్టు. కాలేయంలో, కండరాల్లో కొవ్వు చేరితే అవి ఇన్సులిన్ మాట వినవు, క్లోమం ఇంకా ఇంకా వదులుతూ పోతుంది, అది అలసిపోయే కొద్దీ షుగర్ పైకెళ్తుంది. రాత్రంతా కాలేయం గ్లూకోజ్ వదులుతుంటే చద్దన్నం ఒక్కదాన్నే అనకండి.

బరంపురం నుంచి: నడుము కొలిచారా? మా నాన్నగారు సన్నగానే ఉంటారు, పొట్ట మాత్రం పంచె ముడి మీదకి వచ్చేది, స్కాన్‌లో ఫ్యాటీ లివర్ అన్నారు. రాత్రి భోజనం కాగానే గుడిదాకా నడిపిస్తున్నాం. పనిచేసే కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజ్ లాక్కుంటుంది.

పర్లాకిమిడి అమ్మాయి: కీళ్లనొప్పులకి అమ్మ స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటోంది, అవి కూడా షుగర్ పెంచుతాయా?

రాయగడ అన్నయ్య: పెంచుతాయమ్మా. కానీ ఒక్కసారిగా ఆపేయొద్దు, ప్రమాదం. ఆ మందుల చీటీ రేపే డాక్టర్‌కి చూపించండి.