దంపుడు బియ్యపు పిండి, రవ్వ, ఉగ్గు పొడి: ప్యాకెట్లలో అమ్మవచ్చునా, ఎంతవరకు క్షేమం?

ప్రశ్న: తుంగభద్ర తీరం (కర్నూలు)

అందరికీ నమస్కారం. మా పొదుపు సంఘంలోని మహిళలం కలిసి దంపుడు బియ్యంతో ఉప్మా రవ్వ, దోసె పిండి, రొట్టెల పిండి తయారు చేసి, ప్యాకెట్లు కట్టి కర్నూలులోని కొన్ని కిరాణా దుకాణాలకు ఇస్తున్నాము. చలికాలంలో ఏ ఇబ్బందీ ఉండదు గాని, ఎండలు నలభై డిగ్రీలు దాటిన తరువాత పిండి ప్యాకెట్లలో కనరు వాసన వస్తోందని దుకాణదారులు తిరిగి పంపుతున్నారు. అదే బస్తాలోని బియ్యం గింజగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, పిండి పట్టించిన తరువాతనే చెడుతోంది. దీనికి కారణమేమిటో, మందులేవీ కలపకుండా నివారించే మార్గమేమిటో తెలియజేయగలరు.

మరొక సంగతి. పసిపిల్లల తల్లులు కొందరు దంపుడు బియ్యంతో ఉగ్గు పొడి కూడా చేసి అమ్మమని అడుగుతున్నారు. దంపుడు బియ్యంలో ఆర్సెనిక్ అనే విషపదార్థం ఉంటుందని, పిల్లలకు మంచిది కాదని ఒకరు హెచ్చరించారు. పిల్లల విషయం కాబట్టి నిజం తెలుసుకోకుండా ముందుకు వెళ్లడం మాకు ఇష్టం లేదు.

జవాబు 1: సీమ ఆహార శాస్త్రం (అనంతపురం)

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు సమాధానం తవుడులోనే ఉంది. వడ్ల మీది ఊకను మాత్రమే తీసి తవుడు పొరను గింజకే ఉంచినది దంపుడు బియ్యం. పీచు, బి విటమిన్లు, మెగ్నీషియం చాలావరకు ఆ పొరలోనూ అంకురంలోనూ ఉంటాయి. నూనె కూడా అక్కడే ఉంటుంది. గింజ చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ఆ నూనె, దానిని విడగొట్టే లైపేజ్ అనే ఎంజైము వేరు వేరు పొరలలో ఉండి ఒకదానినొకటి తాకవు. మిల్లులో ఊక తీసేటప్పుడే తవుడు కొంత గీసుకుపోయి ఆ రెండూ కలవడం మొదలవుతుంది, పిండి పట్టించినప్పుడు పూర్తిగా కలిసిపోతాయి. అప్పుడు నూనె నుండి కొవ్వు ఆమ్లాలు విడిపోతాయి, వాటికి గాలిలోని ఆక్సిజన్ తగిలి మీరు చెప్పిన కనరు వాసన పుడుతుంది. వేడి ఎంత పెరిగితే ఈ పని అంత వేగంగా జరుగుతుంది. పాలిష్ బియ్యపు పిండిలో తవుడు ఉండదు కాబట్టి దానికి ఈ బాధ చాలా తక్కువ.

మందులు అవసరం లేదు, వేడి చాలు. పిండి పట్టించడానికి ముందే బియ్యాన్ని ఆవిరి మీద ఉంచి బాగా ఆరబెట్టండి, లేదా సన్నని సెగ మీద గింజ లోపలి వరకు వేడెక్కేలా దోరగా వేయించండి. లైపేజ్ పనిచేయడం మానేస్తుంది. ఎర్రగా మాడేలా వేయిస్తే మాత్రం నూనె ఆక్సిజన్‌తో కలవడం ఇంకా తొందరవుతుంది, కాబట్టి రంగు మారకముందే దించడం మంచిది. వేయించిన బియ్యం పూర్తిగా చల్లారిన తరువాతనే పిండి పట్టించాలి, పిండి కూడా చల్లారిన తరువాతనే ప్యాకెట్‌లో పోయాలి. లేకపోతే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. బూజు కనరు వాసన కన్నా పెద్ద ప్రమాదం, ఎందుకంటే కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ వంటి విషాలను తయారు చేస్తాయి, అవి వంటలో వేడికి పోవు.

ప్యాకెట్ విషయంలో పలుచటి పారదర్శకమైన కవరును మానుకోండి. గాలి, వెలుతురు రెండూ దానిలోంచి వెళ్తాయి. అల్యూమినియం పొర ఉన్న కవరు వాడి, లోపలి గాలిని వీలైనంత తీసి సీలు చేస్తే పొడి పిండి చాలా కాలం నిలుస్తుంది. ఇనుప పొడి ఉండే ఆక్సిజన్ పీల్చే చిన్న సంచులు కూడా దొరుకుతాయి గాని, వాటిని బాగా ఎండిన పదార్థాలకు మాత్రమే వాడాలి. తడి ఉన్న ఆహారంలో ఆక్సిజన్ లేకుండా చేస్తే బొటులినమ్ అనే ప్రాణాంతకమైన విషక్రిమి పెరిగే అవకాశం ఉంది. వండిన దంపుడన్నాన్ని ప్యాకెట్లలో అమ్మే ఆలోచన ఎప్పుడైనా వస్తే దయచేసి ఇంటి స్థాయిలో చేయకండి. దానికి ఒత్తిడితో 121 డిగ్రీల వద్ద శుద్ధి చేసే యంత్రం కావాలి.

గడువు తేదీని మరొకరి ప్యాకెట్ చూసి వేయవద్దు. మీ ప్యాకెట్లు కొన్నింటిని దుకాణంలో ఉన్నంత వేడి గదిలోనే ఉంచి, వారానికొకటి విప్పి వాసన, రుచి చూడండి. కొన్నింటిని గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపి విడి కొవ్వు ఆమ్లాలు, పెరాక్సైడ్ విలువ (నూనె ఆక్సిజన్‌తో ఎంత కలిసిందో చెప్పే కొలత) పరీక్షించమని అడగండి. మీ గడువు మీ పిండే చెబుతుంది.

జవాబు 2: కె.సి. కాలువ రైతు (కడప జిల్లా)

పైన చెప్పినదంతా సరైనదే, మిల్లు వైపు నుండి ఒక మాట కలుపుతాను. మీరు కొనే బియ్యం ఎప్పుడు దంపించినదో మిల్లువారిని తప్పక అడగండి. వడ్లుగా ఏడాది ఉన్నా చెడదు గాని, ఊక తీసిన నాటి నుండే లెక్క మొదలవుతుంది. మా ఇంట్లో సోనా వడ్లను నిలవ ఉంచి, కావలసినప్పుడే కొద్దికొద్దిగా దంపిస్తాము. సంఘం కూడా వడ్లు కొని నిలవ ఉంచుకుని, నెలకు సరిపడా మాత్రమే దంపించుకుంటే సగం సమస్య తీరుతుంది.

పురుగు పట్టకుండా కొందరు అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలను ఇంట్లోనే బస్తాల మధ్య పెడుతున్నారు. ఆ మాత్రకు గాలిలోని తేమ తగిలితే వచ్చే ఫాస్ఫీన్ వాయువు నిద్రలో ఉన్న మనుషులను కూడా చంపుతుంది. ఇళ్లలో దానిని వాడనే కూడదు. ఎండబెట్టడం, గట్టి మూత ఉన్న డబ్బాలు, మంచు పెట్టెలో (ఫ్రీజర్‌లో) కొన్నాళ్లు ఉంచడం, ఇవి చాలు.

జవాబు 3: పోషణ (కడప)

ఆర్సెనిక్ గురించి మిమ్మల్ని హెచ్చరించినవారు చెప్పింది నిజమే, దానిని తేలికగా తీసుకోకండి, భయపడిపోకండి కూడా. వరి నీరు నిలిచిన మడిలో పెరుగుతుంది. అక్కడి నేలలో గాలి ఆడక ఆర్సెనిక్ కరిగి నీటిలోకి వస్తుంది, వరి దానిని మిగతా ధాన్యాలకన్నా ఎక్కువగా పీల్చుకుంటుంది. అకర్బన రూపంలోని (కార్బన్‌తో కలవని, ఎక్కువ విషమైన) ఆర్సెనిక్ తవుడు పొరలో ఎక్కువగా చేరుతుంది, కాబట్టి అదే చేనులోని పాలిష్ బియ్యంలోకన్నా దంపుడు బియ్యంలో అది ఎక్కువ ఉంటుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 2014లో పాలిష్ బియ్యానికి కిలోకు 0.2 మిల్లీగ్రాములు, 2016లో దంపుడు బియ్యానికి 0.35 మిల్లీగ్రాములు పరిమితిగా పెట్టింది. అమెరికా 2020లో పసిపిల్లల బియ్యపు ఆహారానికి కిలోకు 0.1 మిల్లీగ్రాము అని నిర్ణయించింది. దంపుడు బియ్యానికి, పసిపిల్లల ఆహారానికి పెట్టిన ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాను చూస్తే పెద్దలకు సరిపడినది శిశువులకు ఎందుకు సరిపడదో అర్థమవుతుంది. శరీరం బరువుతో పోలిస్తే పసిబిడ్డ తినే మోతాదు ఎక్కువ, రోజూ అదే తింటుంది.

ప్యాకెట్ ఆహారంలో ఇది ఊహించని చోట కూడా కనబడుతుంది. దంపుడు బియ్యం నుండి తీసిన తీపి పాకాన్ని చక్కెరకు బదులుగా వాడిన పిల్లల పాల పొడులలో, చిరుతిండి బార్లలో ఆర్సెనిక్ ఉన్నట్లు 2012లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాల పరిశోధకులు ప్రకటించారు. బియ్యపు పాలను ఐదేళ్ల లోపు పిల్లలకు ఇవ్వవద్దని బ్రిటన్ ఆరోగ్య సేవ చెబుతోంది.

ఇళ్లలో వండుకునేవారికి ఒక మంచి మాట ఉంది. బియ్యానికి ఆరు నుండి పది రెట్లు నీరు పోసి వండి గంజి వార్చితే అకర్బన ఆర్సెనిక్ నలభై నుండి అరవై శాతం వరకు తగ్గుతుందని అమెరికా ఆహార, ఔషధ సంస్థ తెలిపింది. మన పెద్దలు వండిన పద్ధతి అదే. కుక్కర్ వచ్చిన తరువాత మనం దానిని వదిలేశాము. పోసే నీటిలో ఆర్సెనిక్ ఉండకూడదు, గంజితో కొన్ని విటమిన్లు కూడా పోతాయి, ఈ రెండూ గుర్తుంచుకోవాలి. ఉగ్గు పొడికి మాత్రం ఈ మార్గం పనికిరాదు, ఎందుకంటే దానిలో వేసిన నీరంతా బిడ్డ కడుపులోకే వెళ్తుంది.

అందుచేత దంపుడు బియ్యం ఒక్కటే ప్రధానంగా ఉన్న ఉగ్గు పొడి చేయవద్దని నా గట్టి సలహా. ఆరు నెలలు నిండిన బిడ్డకు రాగి, పెసరపప్పు, కొద్దిగా బియ్యం, ఇలా ధాన్యాలు మార్చి మార్చి ఇంట్లో చేసి పెట్టమని ఆ తల్లులకు చెప్పండి. రాగిలోనూ దంపుడు బియ్యంలోనూ ఇనుమును, జింకును ఒంటికి పట్టనివ్వని ఫైటిక్ ఆమ్లం ఉంటుంది; నానబెట్టి మొలకెత్తిస్తే అది తగ్గుతుంది. ఇక చట్టం సంగతి: రెండేళ్ల లోపు పిల్లల ఆహారాన్ని ప్రచారం చేయడాన్ని 1992 నాటి చట్టం, దానికి 2003లో చేసిన సవరణ నిషేధిస్తున్నాయి. శిశు ఆహారానికి ప్రమాణాలు కూడా వేరు. రవ్వ, పిండి అమ్మే అనుమతితో ఉగ్గు పొడి అమ్మకూడదు.

తుంగభద్ర తీరం (కర్నూలు)

ముగ్గురికీ మా సంఘం తరఫున కృతజ్ఞతలు. ఉగ్గు పొడి ఆలోచన మానుకుంటున్నాము. మా దోసె పిండిలో సగం దంపుడు బియ్యం, మిగతాది మినుములు, జొన్నలు ఉంటాయి. ప్యాకెట్ మీద "దంపుడు బియ్యపు దోసె పిండి" అని పెద్ద అక్షరాలతో వేయవచ్చునా?

జవాబు 4: సీమ ఆహార శాస్త్రం (అనంతపురం)

వేయవచ్చు, కాని పేరులో గాని బొమ్మలో గాని ఒక పదార్థాన్ని ప్రత్యేకంగా చూపినప్పుడు, అది ఎంత శాతం ఉందో ప్యాకెట్ మీద తెలపాలని 2020 నాటి ఆహార లేబులింగ్ నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి "దంపుడు బియ్యం 50 శాతం" అని రాసి, మిగతా పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుండి తక్కువకు వరుసగా వేయండి. ఆహార భద్రతా సంస్థ (FSSAI) ఇచ్చే పద్నాలుగు అంకెల అనుమతి సంఖ్య, తయారీ తేదీ, గడువు, శాకాహార గుర్తు ఉండాలి. "మధుమేహం తగ్గిస్తుంది" అని మాత్రం రాయకండి. పీచు ఉన్నా అది అన్నమే, పిండిపదార్థం దానిలో దండిగా ఉంటుంది. దానికి బదులు "చల్లని, పొడి చోట ఉంచండి, విప్పిన తరువాత ఫ్రిజ్‌లో పెట్టండి" అనే వాక్యాన్ని స్పష్టంగా, తెలుగులో, ముందువైపు వేయండి.