శనివారం సంక్రాంతి సంబరాలు: మంచు తుఫాను అంచనా, వాయిదా సంగతి

(ఎడిసన్, న్యూజెర్సీ. 2016 జనవరి 20, బుధవారం రాత్రి)

వాలంటీర్లందరికీ నమస్కారం. 23న పెట్టుకున్న సంబరాలను 30కి వాయిదా వేద్దామని నా గట్టి అభిప్రాయం. నేను చదువుకున్న వాతావరణ శాస్త్రవేత్తను కాను. ఏళ్ళ తరబడి మోడళ్ళు (వాతావరణాన్ని ముందే లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాములు) చూస్తూ, పెరట్లో తెల్ల చెక్క వేసి మంచు కొలుస్తూ నేర్చుకున్నవాణ్ణి. మన కౌంటీకి మౌంట్ హాలీలోని నేషనల్ వెదర్ సర్వీస్ ఆఫీసు చెప్పేదే ఫైనల్.

ఈ తుఫానుకు మూలమైన పైగాలి అల ఇవాళే పసిఫిక్ దాటి పడమటి తీరం ఎక్కింది. ఇకనుంచి రోజుకు రెండుసార్లు ఎగరేసే బెలూన్లకు అది నేరుగా దొరుకుతుంది, కాబట్టి రేపటి మోడళ్ళను ఇంకాస్త నమ్మొచ్చు. శుక్రవారం అది గల్ఫ్ ఆఫ్ మెక్సికో తేమను లాక్కుంటూ వచ్చి, నార్త్ కరోలినా తీరంలోని కేప్ హటెరాస్ దగ్గర సముద్రం మీద బలపడుతుంది. మన బంగాళాఖాతం తుఫానుకు వెచ్చని నీళ్ళే ఆహారం. దీని బలమంతా పైనున్న చలిగాలికీ గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహపు వెచ్చదనానికీ ఉన్న తేడాలో ఉంది. మొన్న క్రిస్మస్ ముందురోజు న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో 72 డిగ్రీల ఫారన్‌హీట్ కాసింది, గుర్తుందా? సముద్రం ఇంకా పూర్తిగా చల్లారలేదు.

వాషింగ్టన్, బాల్టిమోర్ వైపు రెండడుగుల వరకు పడొచ్చని పెద్ద మోడళ్ళన్నీ ఒకే మాట మీదున్నాయి. చిక్కంతా మన దగ్గరే. ఉత్తరాన ఉన్న అధిక పీడనం నుంచి పొడిగాలి దిగుతోంది. పైనుంచి పడే మంచు నేలకు చేరకముందే అందులో ఆవిరైపోతుంది. అందుకే తుఫాను ఉత్తరపు అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. ఆ అంచు యాభై మైళ్ళు దక్షిణానికి జరిగితే మనకు నాలుగైదు అంగుళాలు, ఉత్తరానికి జరిగితే అడుగు దాటుతుంది. నా అంచనా 8 నుంచి 14 అంగుళాలు. తప్పితే ఇంకా ఎక్కువే పడుతుందని నా అనుమానం.

"పోయినేడాదీ ఇలాగే భయపెట్టారు కదా" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. నిజమే. 2015 జనవరి 26, 27 తేదీల్లో న్యూయార్క్‌కు రెండు మూడడుగులు అన్నారు, సెంట్రల్ పార్క్‌లో పడింది 9.8 అంగుళాలు. కానీ ఆ తుఫాను రాకుండా పోలేదు. కాస్త తూర్పుకు జరిగి లాంగ్ ఐలాండ్ తూర్పు కొసన రెండడుగులు పోసింది. అప్పుడు తప్పింది కొన్ని పదుల మైళ్ళే. ఈసారి ఆ పదుల మైళ్ళు మన మీదికి తప్పితే?

అంగుళాల కన్నా నాకు గాలి గురించే టెన్షన్. గంటకు 35 మైళ్ళు, అంతకుమించిన గాలి, పావు మైలు కూడా కనబడని స్థితి, ఈ రెండూ మూడు గంటలు కొనసాగితే దాన్నే బ్లిజార్డ్ అంటారు. శనివారం మధ్యాహ్నం, సరిగ్గా మన ప్రోగ్రాం టైముకు, ఆ పరిస్థితి రావచ్చు. ఆరోజు పౌర్ణమి కూడా కాబట్టి సముద్రపు పోటు ఎక్కువ. తీరం వైపు నుంచి వచ్చే కుటుంబాలకు వరద భయం కూడా ఉంటుంది.

ఇవాళ సాయంత్రం వాషింగ్టన్‌లో అంగుళం మంచుకే కార్లు గంటల తరబడి రోడ్ల మీద ఆగిపోయాయి. మన స్కూలు హాలు పార్కింగ్ నుంచి గుమ్మం దాకా ఏటవాలు. కిందటిసారి వాన తడికే ఒక పెద్దావిడ పట్టుచీర కుచ్చెళ్ళు కాలికి తగిలి జారబోతే ఇద్దరం పట్టుకున్నాం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను, భోగిపళ్ళు పోయాల్సిన చంటిపిల్లలను మంచులో ఆ దారిన నడిపించలేం.

వంటల టీం అక్క: కూరగాయలు ఇంకా కొనలేదు. రేపు రాత్రిలోపు చెబితే అడ్వాన్సు 30కి మార్చుకుంటానని కేటరర్ అన్నాడు. శుక్రవారమైతే డబ్బు పోయినట్టే.

కల్చరల్ టీం చెల్లి: పిల్లలు డ్రెస్సులు కూడా కుట్టించుకున్నారు అన్నా. శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆగి చూడలేమా?

ఆగలేం చెల్లీ. శుక్రవారానికి లెక్క తేలుతుంది, నిజమే. అప్పటికి అడ్వాన్సు పోతుంది, స్కూలు వాళ్ళు ముందే తాళం వేసేయొచ్చు, దూరం నుంచి వచ్చేవాళ్ళు బయలుదేరిపోతారు. వాయిదా వేశాక ఎండ కాస్తే మనకు పోయేది ఒక శనివారం. వేయకుండా తుఫాను మీద పడితే రోడ్డు మీద చిక్కుకునేది మనవాళ్ళు.

హాలు చూసే అన్న: 30న ఖాళీయే. పొద్దున్నే స్కూలు ఆఫీసుకు వెళ్ళి రాయించేస్తా.

చాలా థాంక్స్ అన్నా. రేపు మధ్యాహ్నం యూరోపియన్ మోడల్ రాగానే, రెండింటి ప్రాంతంలో, మళ్ళీ రాస్తాను. రాత్రి ఎనిమిదికి కాల్‌లో ఓటేసి, వెంటనే కేటరర్‌కు చెప్పేద్దాం. రేగుపళ్ళ డబ్బాలు ఎవరింట్లో ఉన్నాయో వాళ్ళు ఫ్రిజ్‌లో పెట్టండి, 30 దాకా నిలవాలి.