కీబోర్డులోని పిచ్ కరెక్షన్ తోడి గమకాలను విరిచేస్తోంది: ఎలా అమర్చుకోవాలి?

తిరుచానూరు గాయని:
అందరికీ నమస్కారం. అమ్మవారి గుడికి దగ్గరలో మా భజన మండలి శుక్రవారాల్లో అన్నమయ్య సంకీర్తనలు పాడుతుంది. ఈ మధ్య కొన్న కీబోర్డుకు మైకును నేరుగా తగిలించుకోవచ్చు. గొంతు శ్రుతి తప్పితే సరిదిద్దే పిచ్ కరెక్షన్ కూడా అందులోనే ఉంది. నాది ఐదున్నర శ్రుతి, అంటే కీబోర్డు మీద జి షార్ప్ నా షడ్జం (స). మోహన రాగంలో బాగానే వినిపిస్తోంది గానీ, తోడి రాగం అందుకోగానే గాంధారం (గ స్వరం) గమకంతో ఊగవలసిన చోట మెట్లు మెట్లుగా విరిగిపోతోంది. పైగా శ్రుతిపెట్టెతో కలిసి పాడుతున్నా, స్పీకరులో నా గొంతు కాస్త పైకి జరిగినట్టు ఉంటోంది. పూర్తిగా తీసివేద్దామంటే, కొత్తగా చేరిన పిల్లలకు ఆ ఆసరా కావాలి. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సౌండ్ మేస్త్రి, చిత్తూరు:
లోపం మీ గొంతులో లేదండీ. ఆ ఎఫెక్టు మీ స్వరాన్ని ఎప్పటికప్పుడు కొలిచి, 12 స్వరస్థానాల్లో ఏది దగ్గరగా ఉంటే దాని మీదికి లాగుతుంది. తోడి గాంధారం రిషభానికీ మధ్యమానికీ నడుమ ఊగుతుంది కనుక, ఆ ఊపునంతా అది అపస్వరంగానే లెక్కగడుతుంది. 1997లో వచ్చిన ఆటో-ట్యూన్ అనే శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్‌లో లాగే దీనికీ వేగమే కీలకం: సవరణ ఎంత త్వరగా జరిగితే గొంతు అంత మరబొమ్మలా మారుతుంది, నెమ్మదిస్తే గమకానికి చోటు దొరుకుతుంది. మీ కీబోర్డులో అంకెలు లేకుండా హార్డ్, సాఫ్ట్ అని మాత్రమే ఉంటే సాఫ్ట్ పెట్టండి. స్వరాలను ఎంచుకునే వీలుంటే, పిల్లలు మోహన పాడేటప్పుడు జి షార్ప్, ఎ షార్ప్, సి, డి షార్ప్, ఎఫ్ మాత్రమే ఉంచండి; అప్పుడు సవరణ రాగంలో లేని స్వరం మీదికి పోదు. మైకును నోటికి దగ్గరగా పట్టుకోవాలి, లేకపోతే తాళాల చప్పుడు కూడా అందులో చేరి కొలత తప్పిపోతుంది.

వీణ పంతులమ్మ, తిరుపతి:
అమ్మా, గొంతు పైకి జరగడానికి కారణం మీ శ్రుతిపెట్టె కావచ్చు. కీబోర్డు మామూలుగా ఎ స్వరం 440 హెర్ట్జ్ అనే ప్రమాణానికి కట్టి ఉంటుంది. శ్రుతిపెట్టె రవ్వంత తగ్గి ఉంటే, దానితో కలిసిన మీ గొంతును సవరణ కీబోర్డు వైపు లాగేస్తుంది. కీబోర్డు మీద జి షార్ప్ నొక్కిపట్టి, శ్రుతిపెట్టెను కూడా మోగించి వినండి. రెండు నాదాల కలయికలో "వావ్... వావ్" అని అలలు లేస్తే కలవలేదన్నమాట. శ్రుతిపెట్టెలోని చిన్న మరను ఆ అలలు ఆగేదాకా మెల్లగా తిప్పండి.

తోడి, ముఖారి వంటి రాగాలకు మాత్రం సవరణను పూర్తిగా తీసివేయాలనే నేను గట్టిగా చెబుతాను. గాంధారాన్ని కదలకుండా నిలిపితే అది తోడి అనిపించుకోదు. పిల్లల సాధనలో కూడా వద్దు. తమ గొంతు ఎక్కడ తప్పిందో చెవికి వినిపించకపోతే వాళ్లు దిద్దుకునేది ఎలా? సభలో కోరస్ పాడించేటప్పుడు కొద్దిగా ఉంటే నాకు అభ్యంతరం లేదు.

సౌండ్ మేస్త్రి, చిత్తూరు:
పంతులమ్మగారి మాటే సరైనది. సవరణ ఉన్న అమరికను ఒక రిజిస్ట్రేషన్ బటన్ మీద, లేనిదాన్ని మరోదాని మీద దాచుకోండి. మీ కీబోర్డు మైకు అమరికలను కూడా అందులో దాచేదైతే, కీర్తన మారినప్పుడు ఒక్క నొక్కుతో మార్చుకోవచ్చు.