డబ్లిన్‌లో శుక్రవారం ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి ఇంత జనం ఎందుకు వెళ్తున్నారు?

టాలా కిరణ్

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. ఉద్యోగం మీద వచ్చి డబ్లిన్ శివారు టాలాలో ఉంటున్నాం. శుక్రవారం సాయంత్రం సిటీ నుంచి రెడ్ లైన్ ట్రామ్ ఎక్కితే ఆకుపచ్చ, తెలుపు అడ్డపట్టీల జెర్సీలతో పెట్టెలన్నీ కిక్కిరిసి ఉంటాయి. స్కూలు పిల్లలు, చంటిపిల్లల తల్లులు, చేతికర్ర పట్టుకున్న పెద్దాయనలు, అందరూ షామ్‌రాక్ రోవర్స్ మ్యాచ్‌కే. వాన పడుతున్నా అంతే.

మా ఆఫీసులో ఐరిష్ వాళ్లలో సగం మంది లివర్‌పూల్, సగం మంది మాంచెస్టర్ యునైటెడ్. ఇక్కడి లీగ్ గురించి అడిగితే ‘అందులో చూడ్డానికేముంది’ అంటారు. మరి ఈ జనమంతా ఎవరు? ఏం చూసి వెళ్తున్నారు?

ఇంకో మాట. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, ఒకటే పోరు, తీసుకెళ్లమని. 2025 జులైలో ఇదే టాలాలో ఒక భారతీయుడి మీద దాడి జరిగినప్పటి నుంచి మా ఇంట్లో టెన్షన్ తగ్గలేదు. రాత్రిపూట అంత గుంపులోకి పిల్లని తీసుకెళ్లొచ్చా? వెళ్లిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఫిబ్స్‌బరో సుజాత

కిరణ్ గారూ, నేను బోహీమియన్స్ మెంబర్‌ని. అంటే మీ టాలా జట్టుకి బద్ధశత్రువుల వైపు. అయినా మీ ప్రశ్న చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

ఆటలో నాణ్యత గురించి మీ ఆఫీసు వాళ్లు చెప్పేది కొట్టిపారేయలేం. గంట లోపు విమానంలో ఇంగ్లండ్ లీగ్ ఉంది. అక్కడి క్లబ్బుల కోసం పడవలెక్కి సముద్రం దాటి వెళ్లిన తరాలున్నాయి ఈ ఊళ్లో. ఆ ఆటతో పోల్చుకుని ఎవరూ మా గ్రౌండ్ డేలీమౌంట్‌కి రారు. నడిచి వెళ్లేంత దగ్గరలో, తమ మాట చెల్లే జట్టు ఒకటి ఉంది కాబట్టి వస్తారు. నేను చూసినంతలో అసలు కారణం అదే, మిగతావన్నీ దాని తర్వాతే.

డేలీమౌంట్‌కి దారి ఇళ్ల మధ్య సందుల్లోంచే. ఎవరిదో పెరటి గోడ, చెత్త డబ్బాలు దాటుకుని తిరిగితే టికెట్ గేటు. ఒక గోల్ వెనకాల షాపింగ్ సెంటర్ బిల్డింగ్ నిలబడి ఉంటుంది, ఇంకోవైపు చర్చి శిఖరం. ముందు వరుసలో కూర్చుంటే గోల్‌కీపర్ డిఫెండర్లని తిట్టే తిట్లు వినపడతాయి. తడి గడ్డి మీద ఒకడు జారుకుంటూ వచ్చి ట్యాకిల్ చేస్తే నీళ్లు మన దాకా చిమ్ముతాయి. గేటు దగ్గర టికెట్ చూసేవాడు పొద్దున మా వీధి చివర కాఫీ ఇచ్చిన కుర్రాడే. మా వార్డులో నాతో నైట్ డ్యూటీ చేసే ఆవిడ భర్త హాఫ్‌టైమ్‌లో లాటరీ టికెట్లు అమ్ముతాడు, పైసా తీసుకోడు. ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకు పొరుగువాళ్ల పేర్లు తెలిసింది ఆ స్టాండ్‌లోనే.

ఈ క్లబ్‌కి ఓనర్ అంటూ ఎవరూ లేరు. మెంబర్లదే క్లబ్. మనిషికి ఒక ఓటు, బోర్డుని మేమే ఎన్నుకుంటాం. భూముల ధరలు ఆకాశాన్నంటిన రోజుల్లో ఈ గ్రౌండ్‌ని బిల్డర్‌కి అమ్మే ఒప్పందం దాకా వెళ్లారు. 2008లో మార్కెట్ కూలింది, క్లబ్ అప్పుల్లో మునిగింది. మూతపడకుండా నిలబెట్టింది మెంబర్లే. 2015లో డబ్లిన్ సిటీ కౌన్సిల్ గ్రౌండ్ కొనేసింది. ఆ కష్టం పడ్డవాళ్లు ఇప్పటికీ అదే స్టాండ్‌లో కూర్చుంటారు. వాళ్లకి ఓడినా గెలిచినా శుక్రవారం రావడం అనేది ఆలోచించాల్సిన విషయమే కాదు.

కొత్త జనం రావడానికి జెర్సీలు చాలా పనిచేశాయి. 1980లో బాబ్ మార్లీ ఇదే గ్రౌండ్‌లో కచేరీ చేశాడు. ఆయన బొమ్మతో జెర్సీ తెస్తే ఐర్లండ్ ఎక్కడుందో తెలియనివాళ్లు కూడా కొనుక్కున్నారు. అంతకుముందు మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీతో కలిసి ‘శరణార్థులకు స్వాగతం’ అని ఛాతీ మీద రాసుకుని ఆడారు. కేవలం ఫ్యాషన్ అనేవాళ్లు ఉన్నారు, నేను ఒప్పుకోను. ఆశ్రయం కోసం వచ్చి సెంటర్లలో ఉంటున్న వాళ్లని మ్యాచ్‌లకి పిలిచి కూర్చోబెట్టిన క్లబ్ ఇది. నల్లచర్మం ఉన్న మా అబ్బాయి ఆ జెర్సీ వేసుకుని స్కూలుకి వెళ్లిన రోజు నాకెలా ఉందో ఇక్కడ రాయలేను.

రెండో కారణం క్యాలెండర్. 2003 నుంచి ఈ లీగ్ చలికాలంలో కాకుండా ఫిబ్రవరి నుంచి నవంబర్ దాకా నడుస్తోంది. ఎక్కువ మ్యాచ్‌లు శుక్రవారం రాత్రే. శని, ఆదివారాలు టీవీలో ఇంగ్లండ్ ఆటకి వదిలేశారు, దానితో పోటీ పడాల్సిన పని తప్పింది. జూన్, జులైల్లో ఆ లీగ్ ఉండదు, ఇక్కడ రాత్రి పది దాకా వెలుతురు. ఆఫీసు అయ్యాక పిల్లల్ని వెంటేసుకుని వెళ్లడానికి అంతకంటే ఏం కావాలి? పెద్దవాళ్ల టికెట్ పదిహేను, ఇరవై యూరోల దగ్గర ఉంటుంది, పిల్లలకి బాగా తక్కువ. ఈ ఊళ్లో ఆ డబ్బుకి ఇంటిల్లిపాదీ కూర్చుని గడిపే సాయంత్రం ఇంకోటి చూపించండి.

ఇక ప్రీమియర్ డివిజన్‌లో ఉన్నవి పదే జట్లు. ఒక్కో జట్టు మిగతా వాటితో నాలుగేసి సార్లు ఆడుతుంది, మొత్తం 36 మ్యాచ్‌లు. పైవాళ్లకి యూరప్ పోటీల్లో చోటు, అట్టడుగున ఉన్నవాళ్లు కింది డివిజన్‌కి. మధ్యలో ఊరికే కాలక్షేపం చేసే జట్టుకి జాగా చాలా తక్కువ. 2024లో చివరి రోజు దాకా ఛాంపియన్ ఎవరో తేలలేదు. డబ్లిన్‌లోని ఇంకో జట్టు షెల్బర్న్ డెరీ ఊళ్లో ఆడుతోంది, ఇంకో పక్క రోవర్స్ కాచుక్కూర్చున్నారు. ఆఖరి నిమిషాల్లో హ్యారీ వుడ్ గోల్ కొట్టాడు. షెల్స్‌కి 2006 తర్వాత అదే మొదటి టైటిల్. మధ్యలో డబ్బుల్లేక కింది డివిజన్‌కి నెట్టేయబడ్డ క్లబ్ అది. అప్పటి వాళ్ల మేనేజర్ డేమియన్ డఫ్, చెల్సీలో ఆడినవాడు. ఆయన వాళ్ల గ్రౌండ్ టోల్కా పార్క్‌కి వచ్చాక అక్కడ టికెట్ దొరకడమే కష్టమైంది.

మూడోది బ్రెగ్జిట్. మునుపు పదిహేను పదహారేళ్లకే మంచి కుర్రాళ్లు ఇంగ్లండ్ అకాడమీలకి వెళ్లిపోయేవారు. 2021 నుంచి పద్దెనిమిది నిండితే గానీ వెళ్లడానికి లేదు. దాంతో ఇక్కడే పెద్దవాళ్ల మధ్య ఆడుతూ ఎదుగుతున్నారు. సెయింట్ పాట్రిక్స్ కుర్రాడు మేసన్ మెలియాని టాటెన్‌హామ్ కొనేసినా పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఆ జట్టు పేట ఇంచికోర్‌లోనే ఆడాడు. రేపు టీవీలో కనపడబోయేవాడిని ఇవాళ పది అడుగుల దూరంలో చూడొచ్చు.

మీ అమ్మాయి విషయం. నేను మా అబ్బాయికి ఆరేళ్లున్నప్పటి నుంచి తీసుకెళ్తున్నాను. వేరే ఊళ్లో ఒక మ్యాచ్‌కి వెళ్లినప్పుడు ఒకతను మా వాడి రంగు మీద మాట అన్నాడు. నేను నోరు తెరిచేలోపే వెనక వరుస పెద్దాయన లేచి స్టీవార్డ్‌ని పిలిచాడు. అతన్ని బయటికి పంపేదాకా కూర్చోలేదు. అన్నిచోట్లా అలాగే జరుగుతుందని మాట ఇవ్వలేను. కానీ చీకట్లో ఒంటరిగా బస్టాప్‌లో నిలబడటం కంటే ఆ స్టాండ్‌లో నాకు ధైర్యంగా ఉంటుంది. డ్రమ్ములు, రంగుల పొగ ఉండే వైపు తప్పించి ఫ్యామిలీలు కూర్చునే వైపు టికెట్ తీసుకోండి.

స్లైగో రమేష్

అక్క చెప్పింది డబ్లిన్ లెక్క. మా స్లైగోలో కథ వేరు. మాది ఇరవై వేల జనాభా దాటీ దాటని ఊరు. చుట్టుపక్కల జిల్లాలన్నీ ఐరిష్ వాళ్ల సొంత ఆట గేలిక్ ఫుట్‌బాల్‌కి ప్రాణం పెడతాయి, స్లైగో టౌన్ మాత్రం సాకర్ ఊరు. ఇక్కడ రోవర్స్ అంటే స్లైగో రోవర్సే, టాలా వాళ్లు కాదు. క్లబ్ ఊరి జనానిదే. డబ్బు తగ్గితే లాటరీలు, ఇంటింటి చందాలు. మా దగ్గర వినాయక చవితికి చందా పుస్తకం పట్టుకుని తిరిగినట్టు తిరుగుతారు.

1939లో ఇంగ్లండ్ గోల్ వీరుడు డిక్సీ డీన్ ఆఖరి రోజుల్లో ఇక్కడికొచ్చి ఆడాడు. ఆ కథ మా ఇంటి ఓనర్‌కి వాళ్ల తాత చెప్పాడట, ఆయన నాకు చెప్పాడు. ఇక్కడ పబ్‌లో నాతో మొదటిసారి ఎవరైనా మాట కలిపారంటే అది మా గ్రౌండ్ షోగ్రౌండ్స్‌లో శుక్రవారం జరిగిన మ్యాచ్ గురించే. వాతావరణం రెండోది.

డబ్లిన్ 8 వెంకట్

కొంచెం ఎదురు మాట్లాడతాను, ఏమనుకోకండి. జనం పెరిగారన్నది నిజమే. 2023 కప్ ఫైనల్‌కి అవీవా స్టేడియంలో 43,881 మంది, సెయింట్ పాట్రిక్స్, బోహీమియన్స్ ఆడారు. 2025 ఫిబ్రవరిలో అదే చోట బోహీమియన్స్, షామ్‌రాక్ రోవర్స్ లీగ్ మ్యాచ్‌కి 33 వేలు దాటారు. కానీ మరుసటి వారం అదే జట్టు సొంత గ్రౌండ్‌లో నాలుగైదు వేల దగ్గర ఆగిపోతుంది. ‘హౌస్‌ఫుల్’ అంటున్నారంటే చాలావరకు గ్రౌండ్లు చిన్నవి కాబట్టే. కొన్నిచోట్ల బాత్‌రూమ్‌లు, వాన కారే రేకులు చూస్తే పిల్లల్ని మళ్లీ తీసుకెళ్లాలనిపించదు. నా భార్య ఒక్కసారి వచ్చి దండం పెట్టేసింది. క్లబ్ అంటే ప్రాణం అని మురిసిపోతే సరిపోదు, గ్రౌండ్లు బాగుచేయకపోతే ఈ ఊపు నిలవదు.

అలాగే యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ జట్టుని చూడండి. కుర్రాళ్లు చక్కగా ఆడతారు, పాస్ మీద పాస్. జనం వందల్లోనే.

ఫిబ్స్‌బరో సుజాత

వెంకట్ గారూ, యూనివర్సిటీ జట్టు ఉదాహరణ నా మాటకే బలం. బాగా ఆడతారు, కానీ చుట్టూ వాళ్లది అనుకునే పేట లేదు. చదువు అయిపోగానే కుర్రాళ్లు వెళ్లిపోతారు. ఆట ఒక్కటే జనాన్ని లాగేదైతే అక్కడ వేలల్లో ఉండాలి.

గ్రౌండ్ల మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. దానికి సాక్ష్యం కిరణ్ గారి టాలాయే. మిల్‌టౌన్‌లో రోవర్స్ పాత గ్రౌండ్‌ని 1987లో అప్పటి ఓనర్లు అమ్మకానికి పెట్టేశారు. ఇప్పుడక్కడ ఇళ్లున్నాయి. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు వాళ్లకి సొంత చోటు లేదు. మా డేలీమౌంట్‌లో కూడా అద్దెకి ఆడారు. 2005లో క్లబ్ దివాలా అంచుకి చేరితే అభిమానులే చేతుల్లోకి తీసుకున్నారు. 2009లో కౌన్సిల్ కట్టిన టాలా స్టేడియంలోకి వచ్చాక చూడండి. 2020 నుంచి 2023 దాకా వరసగా నాలుగు టైటిళ్లు. 2024లో నాలుగో వైపు స్టాండ్ కూడా పూర్తయ్యాక పదివేల మంది పడుతున్నారు. వాళ్ల మీద నాకెంత కోపమున్నా, పన్నుల డబ్బుతో కట్టిన ఆ గ్రౌండ్ ఈ దేశంలో ఫుట్‌బాల్‌కి జరిగిన మంచి పనుల్లో ఒకటి అని ఎక్కడైనా చెప్తాను. మా డేలీమౌంట్ తిరిగి కట్టే పని మాత్రం ఏళ్ల తరబడి కాగితాల మీదే నలిగింది. అది చూస్తే కడుపు మండుతుంది.

టాలా కిరణ్

ఇంత వివరంగా రాసిన అందరికీ థాంక్స్. సుజాత అక్కా, మీ మాట మీద వచ్చే శుక్రవారానికి రెండు టికెట్లు తీసుకున్నాను, మెయిన్ స్టాండ్‌లో. అమ్మాయి అప్పుడే ఎవరిని చూసుకోవాలో చెప్పమంటోంది. ఎవరి పేరు చెప్పను?

ఫిబ్స్‌బరో సుజాత

4వ నంబర్, రాబర్టో లోపెస్. అందరూ పీకో అంటారు. డబ్లిన్‌లో పుట్టాడు, అమ్మ ఐరిష్, నాన్నది కేప్ వెర్డి. ముందు మా దగ్గర ఆడుతూ బ్యాంకులో ఇంటి లోన్ల పని చేసేవాడు. కేప్ వెర్డి కోచ్ లింక్డ్‌ఇన్‌లో పోర్చుగీసులో మెసేజ్ పెడితే స్పామ్ అనుకుని వదిలేశాడు. నెలల తర్వాత ఇంకోటి వస్తే అప్పుడు తర్జుమా చేసుకుని చూశాడు, తమ దేశానికి ఆడతావా అని అడుగుతున్నారు. 2025 అక్టోబర్‌లో ఆ చిన్న దేశం ప్రపంచ కప్‌కి అర్హత సాధించింది. మీరు ట్రామ్ దిగి నడిచి వెళ్లే గ్రౌండ్‌లో ఆడే మనిషి ఆయన.

అరగంట ముందే వెళ్లండి, ఆటగాళ్లు వార్మప్ చేసేటప్పుడు పిల్లలు రెయిలింగ్ దగ్గర నిలబడొచ్చు. వేసవి అయినా సరే ఉన్ని టోపీ, రెయిన్‌కోటు మర్చిపోవద్దు. జెర్సీ ఇప్పుడే కొనకండి, ఎందుకంటే మీ అమ్మాయిని ఒకసారి డేలీమౌంట్‌కి కూడా తీసుకురావాలి, ఆ తర్వాత ఏ రంగు కావాలో తనే చెప్తుంది.